బాబాయి గారు పలకడం లేదు

ఆ ఆదివారం పొద్దున విజయసారథి వేసుకున్న పథకం చాలా చిన్నది. బాబాయి వెంకటరాఘవయ్య గారు రేపల్లె నుంచి పాసింజరు బండిలో తెనాలి వస్తారు. ఆయన్ని కంటి డాక్టరుకు చూపించి, ఇంట్లో భోజనం పెట్టి, సాయంత్రం మళ్ళీ బండెక్కించాలి. భార్య మైథిలి అప్పటికే వంకాయలు తరిగి ఉప్పునీళ్ళలో వేసింది.

విజయసారథి బీమా ఆఫీసులో గుమాస్తా. రెండువేల ఏడు నాటికి తెనాలిలో సెల్‌ఫోను చాలామందికే ఉంది గానీ, దానికి ఊపిరి సలపనివ్వనివాడు ఇతనొక్కడే. బంగారం ధర, రాశిఫలం, క్రికెట్ స్కోరు, ఆరోగ్య సూత్రం, ఏ రాష్ట్రంలో ఏ మంత్రి అలిగాడో ఆ వైనం, అన్నీ మెసేజీలుగా వచ్చేవి. వచ్చినదాన్ని వచ్చినట్టే పదిమందికీ పంపడం సంఘసేవ అని అతని నమ్మకం. చదవడం మాత్రం ఏదీ పూర్తిగా చదివేవాడు కాదు, ఈలోగా ఇంకొకటి వచ్చేది కాబట్టి. "లోకంలో ఏం జరిగినా ముందు నాకే తెలుస్తుంది" అనేవాడు. ఇవాళ ఏం తెలిసిందని మైథిలి అడిగితే ఫోను తీసి వెతుక్కునేవాడు.

అతను పళ్ళు తోముకుంటూ ఉండగా బాబాయి గారి పక్కింటి శకుంతల నుంచి మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "బాబాయి గారు తెల్లారినప్పటి నుంచి కదలడం లేదు, పలకడం లేదు. ఇంక రారు. పిన్నిగారు మీకు చెప్పమన్నారు."

విజయసారథి బ్రష్షు నోట్లోనే పెట్టుకుని గోడకు చేరబడ్డాడు. మైథిలి ఫోను తీసుకుని రెండుసార్లు చదివింది.

"ఇంక రారు అంటే ఈ బండికి రారనేమోనండి. ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి."

"మనిషి కదలడం లేదు, పలకడం లేదు. ఇంకా ఏం కనుక్కోమంటావు?"

"పోయారని అనలేదుగా."

"చదువుకున్నవాళ్ళు అలా మొహమ్మీద చెప్పరు. మనమే అర్థం చేసుకోవాలి."

అయినా రేపల్లె ఇంటి ఫోనుకు కలిపాడు. ఎంగేజ్ వచ్చింది. ఎన్నిసార్లు చేసినా అంతే. "చూశావా, పరామర్శలు మొదలయ్యాయి. విషయం అప్పుడే పాకిపోయింది" అన్నాడు. నిజానికి అప్పటికి ఏ విషయమూ ఎక్కడికీ పాకలేదు. ఆ తర్వాత రెండు నిమిషాల్లో పాకింది. "మా బాబాయి వెంకటరాఘవయ్య గారు ఇక లేరు" అని అతను తన ఫోనులో ఉన్న పేర్లన్నిటికీ పంపాడు. చుట్టాలతో పాటు గ్యాసు కంపెనీవాళ్ళకూ, కుళాయిలు బాగుచేసే మనిషికీ కూడా వెళ్ళింది.

కొలకలూరు చేరేసరికి ఆ మెసేజ్‌లో గుండెపోటు కలిసింది. బాపట్ల చేరేసరికి ఆయన కళ్ళు దానం చేశారని తేలింది. అంతిమయాత్ర మధ్యాహ్నం మూడింటికి అని ఎవరు నిర్ణయించారో గానీ, అందరూ దానికి తగ్గట్టు బయలుదేరారు. వెంకటరాఘవయ్య గారు రేపల్లె హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఆయన పాత విద్యార్థులు తెనాలిలో ఒక ఫ్లెక్సీ షాపు మీద పడ్డారు. వాళ్ళ దగ్గర స్కూలు స్టాఫంతా కలిసి దిగిన ఫోటో ఒకటుంది. "ఎడమ నుంచి మూడో ఆయన" అని చెప్పి టీ తాగడానికి వెళ్ళారు. ఫోటోకు ఎడమా, చూసేవాడికి ఎడమా అని షాపువాడు అడగలేదు. "అశ్రునివాళి" అన్న అక్షరాల కింద ఒక నిండైన గడ్డం ముఖం అచ్చయి వచ్చింది. చుట్టిన ఫ్లెక్సీని ఎవరూ విప్పి చూసుకోలేదు.

విజయసారథి, మైథిలి రేపల్లె ఇంట్లో అడుగుపెట్టేసరికి పిన్ని నాగేశ్వరమ్మ రోట్లో కందిపచ్చడి రుబ్బుతోంది. దుఃఖంతో మతి చలించిందనుకుని విజయసారథి ఆమె భుజం పట్టుకున్నాడు.

"ఎక్కడ పిన్నీ?"

"వెనక వసారాలో ఉన్నారు. కాఫీ కూడా ముట్టలేదు. ఫోను మోగితే చెదురుతుందని రిసీవరు తీసి పక్కన పెట్టించారు. నువ్వైనా చెప్పు నాయనా."

ఏం చెదురుతుందో అతను అడగలేదు. వెనక్కి పరుగెత్తాడు. వెంకటరాఘవయ్య గారు ముక్కాలిపీట మీద, గోడకు ఎదురుగా, కళ్ళు తెరిచి రాయిలా కూర్చుని ఉన్నారు. విజయసారథి ఆ పాదాల మీద పడి బావురుమన్నాడు.

"పక్కకు జరుగు, నీడ పడుతోంది" అన్నారు బాబాయి గారు.

గోడ మీద నిమ్మకాయంత మట్టి గూడు ఉంది. కందిరీగది. ఆ గూటి వెనక పెద్ద కథ ఉంది. కందిరీగ పచ్చపురుగును తెచ్చి గూట్లో పెట్టి ఝుమ్మని తిరిగితే, ఆ నాదం వినీ వినీ పురుగే కందిరీగ అవుతుందని, అదే భ్రమరకీటక న్యాయమని, వెంకటరాఘవయ్య గారు ఉద్యోగం చేసినంతకాలం పాఠం చెప్పారు. సైన్సు మాస్టారు మస్తాన్ వలి ఒకరోజు పిల్లలందరి ముందూ "అవడం కాదు మాస్టారూ, లోపలి పిల్ల దాన్ని తింటుంది" అన్నాడు. ఒకే క్యారియర్లో అన్నం తిన్న ఇద్దరూ అప్పటి నుంచి మాట్లాడుకోలేదు. రిటైరయ్యాక మస్తాన్ వలి సొంత ఊరు బాపట్ల వెళ్ళిపోయాడు. వెంకటరాఘవయ్య గారికి మాత్రం ఆ మాట ముల్లులా ఉండిపోయింది. చివరికి తన కళ్ళతోనే చూడాలనుకున్నారు. పురుగును లోపల పెట్టి మూసేసిన ఆ గూటికి ఇవాళే, తెల్లవారుజామున, లోపలి నుంచి చిన్న చిల్లు పడుతోంది.

విజయసారథి తప్పు దిద్దుకోవడానికి ఫోను తీశాడు. "బాబాయి గారు లేచి కూర్చున్నారు" అని అందరికీ పంపాడు.

దాంతో దండలు తెస్తున్నవాళ్ళు దారిలో ఆగి కొబ్బరికాయలు కూడా కొనుక్కొచ్చారు. ఇల్లు నిండిపోయింది. కొలకలూరు నుంచి వచ్చిన సుబ్బరత్నమ్మ వసారా గుమ్మంలో నిలబడి, చెంపలు వేసుకుని, "పైన ఏం కనిపించింది అన్నయ్యా?" అని అడిగింది. ఆయన వేలు పెదాల మీద పెట్టుకున్నారు. చెప్పకూడదని దేవుడి ఆజ్ఞ కాబోలని ఆమె వెనకవాళ్ళకు చెప్పింది.

పాత విద్యార్థుల దగ్గరికి ఈ రెండో మెసేజ్ రాలేదు. వాళ్ళు తిన్నగా ముందు గదిలోకి వచ్చి, హడావుడిలో అందులోని ముఖం ఎవరిదో చూడకుండానే గోడకు మేకులు దిగ్గొట్టి ఫ్లెక్సీ కట్టి దండ వేశారు. ఆ గోడ అవతలి వైపే వసారా.

"కొట్టకండిరా" అని వెంకటరాఘవయ్య గారు ఆ రోజు మొదటిసారి గొంతెత్తారు. అప్పటికే గూడు రాలి నేలమీద పడి పొడైంది.

సరిగ్గా అప్పుడే మస్తాన్ వలి రుమాలుతో కళ్ళు తుడుచుకుంటూ వీధి గుమ్మంలోకి వచ్చాడు. ఎదురుగా తన బొమ్మకే దండ వేసి ఉంది. ఫ్లెక్సీని, మనిషిని మార్చి మార్చి చూసిన విద్యార్థులు రెండడుగులు వెనక్కి వేశారు.

"నేనెప్పుడు పోయానురా?" అన్నాడు మస్తాన్ వలి.

వెంకటరాఘవయ్య గారు అరచేతిలో మట్టిపెళ్ళలతో బయటికి వచ్చారు.

"మీరు పోయారని ఏడుస్తూ వచ్చాను మాస్టారూ."

"కాసేపు ఆగితే తేలిపోయేది. మీరే చూడండి, పురుగుందా, పిల్ల ఉందా?"

మస్తాన్ వలి కళ్ళజోడు పెట్టుకుని మట్టిని కెలికాడు. నలిగిన పొర ఒకటి, ఎండిన తోలు ముక్క ఒకటి. ఏది ఎవరిదో చెప్పలేకపోయాడు.

"మీరు కళ్ళారా చూశారా అసలు, తినడం?" అని అడిగారు వెంకటరాఘవయ్య గారు.

మస్తాన్ వలి గడ్డం నిమురుకున్నాడు. "లేదండి. పాఠ్యపుస్తకంలో ఉంది."

"నాది వేదాంతంలో ఉంది."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. అంతలో పెరట్లో నుంచి మైథిలి పిలిచింది. స్నానాలగది చూరు కింద ఇంకో గూడు ఉందట, కందిరీగ ఇప్పుడే పచ్చపురుగుతో లోపలికి దూరిందట. ముసలివాళ్ళిద్దరూ బల్ల మోసుకుని వెళ్ళారు. మైథిలి కూడా వాళ్ళ పక్కన కూర్చుంది. ఈగ బయటికి వస్తే ఏ కాలు ముందు పెడుతుందో చూడమని మస్తాన్ వలి ఆమెకు పని అప్పజెప్పాడు.

వచ్చినవాళ్ళందరూ నాగేశ్వరమ్మ వడ్డించిన కందిపచ్చడి తిని, మూడు గంటల కార్యక్రమం లేనందుకు కొంచెం నిరాశపడి వెళ్ళారు. మైథిలి రేపు వస్తానంది. విజయసారథి ఒక్కడే బండెక్కాడు. ఇంత జరిగాక లోకానికి ఏదో ఒకటి చెప్పకపోతే బాగుండదనిపించి, "ఇంట్లో కందిరీగ గూడు ఉన్నచో అపమృత్యువు తొలగును, రేపల్లెలో రుజువైనది" అని అందరికీ పంపాడు. వేమూరు దాటేసరికి అదే మెసేజ్ ఎవరో అతనికి పంపారు, అప్పుడతనికి పూర్తిగా నమ్మకం కుదిరింది.