మూత తీయని కెమెరా

సూర్యుణ్ణి పరిశీలించడానికి పంపిన మన వ్యోమనౌకకు ఆ ఏడాది 'అత్యంత సురక్షిత నౌక' పురస్కారం ప్రకటించారు. నౌకలోని కెమెరా మీద ఒక్క గీత లేదు, ఒక్క మరక లేదు, పెట్టెలోంచి తీసిననాటి మెరుపు చెక్కు చెదరలేదు. ఆ కెమెరా అంతవరకూ సూర్యుణ్ణి చూడకపోవడమే ఇందుకు కారణమని నిపుణులు ఏకగ్రీవంగా తేల్చారు.

ఈ ఘనత వెనుక ఒక తల్లి ఉంది. ఇరుగుపొరుగు ఆమెను ఎదురుగా 'అక్కయ్యగారు' అనీ, చాటుగా 'అయ్యయ్యోగారు' అనీ పిలుస్తారు. చదువు హైస్కూలు దాటలేదు గానీ, భయపడటంలో ఆమెది పైచదువే. కుక్కర్ కూత వేస్తే పేలుతుందని భయం, వెయ్యకపోతే ఇంకా భయం. తలుపుకు గడియ పెట్టి, అది బిగుసుకుపోయి మళ్ళీ రాకపోతే ఎలాగని వెంటనే తీసి చూసుకునే మనిషి. కూతురు చిన్నప్పుడు ఎండలో ఆడితే వడదెబ్బ తగులుతుందని, నీడలో ఆడితే పురుగూ పుట్రా కుడతాయని లోపలికి పిలిచేది. ఇంట్లో కుదురుగా కూర్చుంటే, ఈ పిల్లకి ఒంట్లో ఏమైందని డాక్టరు దగ్గరికి పరిగెత్తేది. అలా ఎండ కన్నెరగకుండా పెంచిన పిల్ల పెద్దదై, సూర్యుణ్ణి చూసే కెమెరాలు తయారుచేసే ఉద్యోగంలో చేరింది. తన పెంపకంలో లోపం ఎక్కడ జరిగిందో ఆ తల్లికి నేటికీ అంతుబట్టలేదు.

కూతురు ఓపిగ్గానే చెప్పింది. సూర్యుడి ముఖాన్ని కొండ మీది దూరదర్శిని చూసుకుంటుంది. ఆ ముఖం చుట్టూ పలచగా ఉండే వెలుగు మాత్రం నేల మీదినుంచి సరిగా కనపడదు కాబట్టి, తన కెమెరాను నౌకలో పైకి పంపారు. సూర్యుడు ఉన్నట్టుండి భగ్గుమని తనలోంచి నిప్పుల మబ్బులు విసురుతాడు. ఆ విసురును పట్టుకోవడమే కెమెరా పని. తల్లి అంతా విని, "అంటే మన మీదికే విసురుతాడన్నమాట" అంది.

అది మొదలు రోజూ పొద్దున్నే కూతురు పనిచేసే పరిశోధనశాలకు ఫోను. "ఇవాళ ఆ కెమెరా జోలికి వెళ్ళొద్దని మా అమ్మాయికి చెప్పండి బాబూ, నా మనసెందుకో కీడు శంకిస్తోంది." ఎత్తినవాళ్ళు నవ్వుకుని, కబురు రాసుకుని, మరిచిపోయేవారు.

ఇలా ఉండగా, నౌకను ఇంకా పరీక్షిస్తున్న రోజుల్లో, ఒకనాడు సూర్యుడు ప్రశాంతంగా ఉంటాడని పరిశోధనశాల ప్రకటించింది. ఆ ప్రకటన సూర్యుడికి అందినట్టు లేదు. భగ్గుమన్నాడు. నౌకతో మాటలు సాయంత్రం దాకా తెగిపోయాయి, పరిశోధనశాల పరువు వార్తల్లో పడింది. కెమెరా మూత అప్పటికింకా తీయలేదు కాబట్టి అది బతికిపోయింది. విచారణ సంఘం కూర్చుని చూస్తే, ఆ గండాన్ని ముందే చెప్పింది ఫోన్లో ఆ తల్లి ఒక్కతే. వెనక్కి వెళ్ళి చూశారు. సూర్యుడు రెచ్చిపోయిన ప్రతి రోజూ పొద్దున్నే ఆమె హెచ్చరిక ఉంది. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు.

"ఏమీ జరగని రోజుల్లో కూడా చేసిందండీ, మా అమ్మ రోజూ చేస్తుంది!" అని కూతురు లేచి మొత్తుకుంది.

"జరగని వాటి మీద విచారణ జరిపే అధికారం ఈ సంఘానికి లేదు" అని పరిశోధనశాల సంచాలకులవారు ఆమెను కూర్చోబెట్టారు. అటుపైన ఉపన్యసించారు. "యంత్రం పొరబడవచ్చు, గణితం పొరబడవచ్చు. తల్లి గుండె దడ పొరబడదు. ఆ దడను జాతి సేవకు వినియోగించుకునే భాగ్యం మనకు దక్కింది!"

ఆమె 'గౌరవ సౌర ప్రమాద సూచకురాలు' అయింది. వంటింట్లో ఎర్ర ఫోను పెట్టారు. పాలు పొంగిపోతే మొదటి స్థాయి హెచ్చరిక. కరెంటు పోతే రెండో స్థాయి, కొండ మీది దూరదర్శినిక్కూడా పైకప్పు మూసేవారు. కూతురు ఫోనెత్తకపోతే మూడో స్థాయి, పొరుగు దేశాల నౌకలక్కూడా కబురు వెళ్ళేది. నౌకలో కెమెరా మూత ఎవరూ తాకలేదు. సూర్యుడు పైన ఎన్నోసార్లు రెచ్చిపోయాడు, ఎవరూ చూడలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. పురస్కారం వచ్చింది. దాన్ని నిలబెట్టుకోవడానికి కెమెరా మూతను శాశ్వతంగా మూసి ఉంచాలని, వచ్చే సమావేశంలో తీర్మానం పెట్టదలిచారు.

ఆ కబురు విన్న కూతురు, సంచీ కూడా దించకుండా వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, రేపొక్కరోజు ఏమీ కాదని చెప్పవే. కొండ మీది దూరదర్శినికి పైకప్పు మూసేలోపు ఒక్క బొమ్మ దొరికింది. పేద్ద మచ్చ, సూర్యుడి అంచు మీదికి వచ్చేసింది. రేపు కచ్చితంగా రేగుతుంది."

"రేగుతుందని తెలిసీ ఏమీ కాదని ఎలా చెప్పనే?"

"రేగుతుందనే కదమ్మా పంపింది!"

"దానికి దెబ్బ తగిలితేనో?"

"తగలనీ. అది చూడ్డానికే చేశానమ్మా, దాచుకోడానికి కాదు. చిన్నప్పుడు నన్ను ఈతకు పంపలేదు, ఊరుకున్నా. ఇప్పుడు నా కెమెరాని కూడా గుమ్మం దాటనివ్వవా?"

"ముందు కాళ్ళు కడుక్కుని తిను" అంది తల్లి.

కూతురు తినలేదు. అది చాలా పెద్ద హెచ్చరిక. ఏ స్థాయో ఆమెకు తెలియలేదు.

ఆ సాయంత్రం తల్లి అద్దం ముందు నిలబడి సాధన మొదలుపెట్టింది. "ఏమీ కాదు." నోరు తిరగలేదు. "ఏమీ... కాదు." భర్త సబ్బు నురగతోనే స్నానాల గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందే? ఎవరికేమైంది?" పెళ్ళయిన నాటినుంచీ ఆమె నోట ఆ మాట వినలేదు పాపం.

మర్నాడు పొద్దున్న ఎర్ర ఫోను ఎత్తి, కళ్ళు గట్టిగా మూసుకుని, "ఏమీ కాదు" అనేసింది. అవతల సంచాలకులవారు మళ్ళీ చెప్పించుకున్నారు. ఈవిడే ఏమీ కాదంటోందంటే ఇంకెంత ఘోరం రానుందోనని, ముఖ్యమైన సిబ్బందితో నేలమాళిగలోకి దిగిపోయారు. మూత మూసి ఉంచమని చెప్పడం ఆ హడావుడిలో మరిచారు. నౌకను నడిపే గదిలో కూతురు ఒక్కతే మిగిలింది. మూత తెరిచింది.

సూర్యుడు రేగాడు. అంచు మీదినుంచి నిప్పుల తీగ ఒకటి లేచి, వంకీ తిరిగి, తెగి, వెలుగై విరబూసింది. కెమెరా అంతా చూసింది.

కూతురు ఆ బొమ్మ ఇంటికి తెచ్చింది. తల్లి చాలాసేపు చూసింది. "ఈ తెల్ల చుక్కలేమిటే?"

"కెమెరాకు తగిలిన దెబ్బలమ్మా. మచ్చలు పడ్డాయి, అవిక పోవు."

"మరి చూస్తోందా?"

"భేషుగ్గా చూస్తోంది."

తల్లి కూతురి చెంప నిమిరింది, జ్వరమేమైనా ఉందేమోనని కూడా చూసుకుంది. ఆ బొమ్మను హాల్లో వేలాడదీసింది. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుందని దాని మీద చిన్న తెర కుట్టించింది.

కెమెరాకు మచ్చలు పడ్డాయి గనక పురస్కారం వెనక్కి తీసుకున్నారు. గండాన్ని ముందుగా చెప్పలేకపోయిన అసమర్థత కింద ఆమెను పదవినుంచి తప్పించి, ఎర్ర ఫోను పట్టుకుపోయారు. ఖాళీ అయిన పదవికి ప్రకటన వెలువడింది. జీవితంలో ఒక్కసారైనా 'ఏమీ కాదు' అన్నవారు అనర్హులు.

ఎంపిక రోజున వరస పరిశోధనశాల గేటు దాటి, వీధి మలుపు తిరిగి, మార్కెట్టు దాకా సాగింది. తల్లులే అనుకునేరు, తండ్రులే ఎక్కువ. మేష్టర్లు, బ్యాంకు మేనేజర్లు, డాక్టర్లు, అందరూ గొడుగులు వేసుకునే నిలబడ్డారు. ఆ రోజు ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది. వరసలో మిమ్మల్ని కూడా చూసిన జ్ఞాపకం. మీ గొడుగు కింద, మీ చెయ్యి పట్టుకుని పాపో బాబో, ఎవరో ఆకాశం చూద్దామని మెడ సాచుతున్నారు. గొడుగు అడ్డంగా ఉండి ముఖం కనపడలేదు.