లాంగ్‌ఖే జట్టు ఓడిన రోజు

ఆ ఆదివారం ఖోయ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లారేసరికి స్టేడియం గేటు దగ్గరికి వెళ్లాలి. నూడిల్స్ బండి దియెప్ అక్క వచ్చేదాకా బయటే కాపలా ఉండి, ఆవిడకన్నా ముందు నరమానవుణ్ణి లోపల కాలు పెట్టనివ్వకూడదు. ఆవిడ నవ్వుతూ గేటు దాటి, మైదానం చుట్టూ ఒకసారి తిరిగొస్తే, ఆ తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు పడొచ్చు. సాయంత్రం సీజనులో ఆఖరి మ్యాచ్. డ్రా చేసుకున్నా చాలు, లాంగ్‌ఖే ఫుట్‌బాల్ జట్టు ఇంకో ఏడాది పై డివిజనులో ఉంటుంది. ఓడితే కిందికి పోతుంది.

ఇదంతా ఉత్త నమ్మకమని ఎవరైనా అంటే ఖోయ్ కాదనడు. కానీ ఆ ఊళ్లో చేపల బజారు మొదలుకొని బ్యాంకు దాకా, పొద్దున్నే గుమ్మం ఎవరు తొక్కారన్న దాన్ని బట్టే రోజు నడుస్తుంది. దియెప్ అక్కది తేలిక కాలు. ఆవిడ బోణీ చేసిన కొట్లో మధ్యాహ్నానికి సరుకు మిగలదని పేరు. కొత్త సంవత్సరం వచ్చే టెట్ పండగనాడు తమ ఇంట్లో ముందుగా అడుగు పెట్టమని ఆవిణ్ణి నెలల ముందే వచ్చి బతిమాలుకుంటారు. ఈ విషయంలో పక్కపక్క ఇళ్లవాళ్లు మాటలు మానుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి.

ఖోయ్‌ది బరువు కాలు. ఆ పేరు అతనికి ఊరికే రాలేదు. లాంగ్‌ఖే జట్టు చరిత్ర చెప్పుకోవడానికి ఎక్కువసేపు పట్టదు. పై డివిజనులోకి వచ్చాక పట్టికలో సగానికి పైన ఎన్నడూ కనపడలేదు. ఏటా ఆఖరి మ్యాచ్‌లో చచ్చీచెడీ గట్టెక్కడం ఆనవాయితీ. ఒకే ఒక్కసారి జాతీయ కప్పు ఫైనలుకు వెళ్లి పెనాల్టీల్లో ఓడిపోయింది. వేరే ఊళ్లవాళ్లు తమ గెలుపుల గురించి ఎంత గొప్పగా చెప్పుకుంటారో లాంగ్‌ఖేవాళ్లు ఆ ఓటమి గురించి అంత గొప్పగా చెప్పుకుంటారు. ఆ రోజు గోల్‌లో నిలబడినవాడు ఖోయ్. అతను ప్రతి పెనాల్టీకీ ఎడమవైపే దూకాడు. అవతలివాళ్లు ప్రతిదీ కుడివైపే కొట్టారు.

ఆట మానేశాక క్లబ్బు ఆఫీసులోనే మేనేజరుగా చేరాడు. పెళ్లికి ఆడపెళ్లివారి ఊరికి వెళ్లింది క్లబ్బు బస్సులో. కాపురం పెట్టింది స్టేడియం వెనక సందులో. అతనికి ఈ క్లబ్బు తప్ప వేరే జీవితం లేదు, ఉండాలని కోరుకోనూ లేదు. అందుకే క్లబ్బు యజమాని, సిమెంటు కంపెనీ చైర్మన్ లాప్, "ఈ మ్యాచ్ పోయిందంటే క్లబ్బు గతేంటో నాకే తెలీదు," అన్ననాటి నుంచి ఖోయ్‌కి అన్నం సహించడం లేదు. గతేంటో తెలీదంటే గేటుకు తాళం పడుతుందనే కదా. ఏనాడూ ఆట పూర్తిగా చూడని ఆ లాప్, ఈ నెలంతా ప్రాక్టీసు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దియెప్ అక్కను పిలిపించమన్నదీ ఆయనే.

ఖోయ్ గేటు దగ్గరికి చేరేసరికి మైదానం చూసుకునే బాంగ్ అప్పటికే బయట సిగరెట్టు కాలుస్తున్నాడు. ఇద్దరూ లోపలికి తొంగి కూడా చూడకుండా రోడ్డువైపు తిరిగి నిలబడ్డారు. అంతలో ఎక్కడి నుంచి వచ్చిందో ఒక బూడిదరంగు పిల్లి వాళ్ల కాళ్ల మధ్య నుంచి గేటు కిందికి దూరింది. పిలవకుండా పిల్లి ఇంటికొస్తే దరిద్రం వెంటబెట్టుకొస్తుందని ఆ ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు.

ఖోయ్ ఒక్క క్షణం ఆలోచించి ఉంటే, పిల్లి ఒక్కటే వెళ్లిన లోకం, పిల్లితో పాటు తాను కూడా వెళ్లిన లోకంకన్నా మేలని తట్టేది. కానీ పాత గోల్‌కీపర్ కదా, తనను దాటి దూసుకుపోయేదాన్ని చూస్తే కాళ్లూ చేతులూ మాట వినవు. గేటెక్కి అవతలికి దూకి, పిల్లి వెంట మైదానం మీద పరుగెత్తి, ఉత్తరం వైపు గోల్ ముందు గాల్లోకి లేచి పడ్డాడు. ఈసారి కుడివైపుకి. పిల్లి దొరికింది. ఆడిన రోజుల్లో ఒక్కసారైనా ఇలా దూకి ఉంటే కప్పు మనదే అయ్యేదని బాంగ్ తర్వాత చాలామందితో అన్నాడు.

దియెప్ అక్క వచ్చింది సరిగ్గా అప్పుడే. పండగ బట్టలు కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని వచ్చి, గేటు ఊచల మధ్య నుంచి చూసింది. గడ్డిలో బోర్లా పడి, పిల్లిని గుండెకు హత్తుకుని ఉన్నాడు ఖోయ్.

"తమ్ముడూ, నువ్వు లోపలున్నావేంటి?"

"పిల్లి దూరిందక్కా."

"ముందు పిల్లి, దాని వెనక నువ్వు. ఇంక నేనొచ్చి ఏం ఉద్ధరించాలి?"

ఆవిడ భయం ఆవిడది. ఈ రెండు కాళ్ల వెనక తాను వెళ్లి, సాయంత్రం జట్టు ఓడితే, వచ్చే టెట్‌కి తనను గడప తొక్కనిచ్చేదెవరని అడిగింది. గేటు దగ్గర కాగితాలు మంట పెట్టి, ఖోయ్ ఆ మంట మీద నుంచి అటూ ఇటూ దాటి పీడ పోగొట్టుకుంటే అప్పుడు ఆలోచిస్తానంది. రోజూ బేరం చెడితే ఆవిడ తన బండి ముందు చేసే పనే కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. బాంగ్ పరుగున వెళ్లి పాత పోస్టర్లు పట్టుకొచ్చాడు.

మంట బాగానే అంటుకుంది. ఖోయ్ దాటాడు. ఇటువైపుకి రాబోతుండగా నది మీద నుంచి గాలి లేచింది. కాలుతున్న పోస్టరు ఒకటి ఎగిరి వెళ్లి, అభిమానులు రాత్రి కుట్టి తెచ్చి స్టాండు పక్కన పెట్టుకున్న గుడ్డ బ్యానర్ల కుప్ప మీద వాలింది. పొగ రావడం చూసి బాంగ్ మైదానం తడిపే పెద్ద పైపు తెచ్చి, వాల్వు ఒక్క గుంజు గుంజి తిప్పాడు. మంట ఆరింది. వాల్వు పిడి మాత్రం బాంగ్ చేతిలోకి ఊడొచ్చింది. ఆ తర్వాత ఆ నీళ్లను ఆపగలిగేది నీళ్ల శాఖవాళ్లే. వాళ్లకు ఆదివారం సెలవు.

వాళ్లలో ఒకణ్ణి కాఫీ కొట్లో వెతికి పట్టుకునేసరికి ఉత్తరం వైపు గోల్ ముందు చెరువు కట్టింది. ఖోయ్ మోటారుసైకిలెక్కి వరిపొలాలకు వెళ్లి రైతుల కాళ్లా వేళ్లా పడి నీటి ఇంజన్లు తెచ్చాడు. రైతులు ఇంజన్లతో పాటు తమ అభిప్రాయాలు కూడా తెచ్చుకున్నారు. నీళ్లు తూర్పుకి తోడాలని ఒకరు, పడమటికి తోడాలని ఒకరు. కాసేపు రెండువైపులా తోడారు, అంటే ఒకరు తోడింది రెండోవాళ్లు వెనక్కి పంపారు. మధ్యాహ్నానికి మైదానం చాలావరకు బయటపడింది కానీ గోల్ ముందు ఒక పెద్ద గుంట మిగిలిపోయింది. రిఫరీ వచ్చి బంతిని నాలుగుచోట్ల ఎగరేసి చూశాడు. అదృష్టమో దురదృష్టమో, గుంటలో ఎగరేసి చూడలేదు. ఆట జరపొచ్చన్నాడు.

లాప్ వచ్చి సంగతంతా విన్నాడు. ఆయన కేకలు వెయ్యలేదు. సాయంత్రం ఆట అయ్యేదాకా స్టేడియం ఛాయల్లో కనపడొద్దని మాత్రం చెప్పాడు.

అలా తన క్లబ్బు ఆఖరి మ్యాచ్‌ని ఖోయ్ రోడ్డుకి అవతల, దియెప్ అక్క నూడిల్స్ బండి దగ్గర, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని విన్నాడు. ఆవిడ లోపలికి వెళ్లనే లేదు. చేపల నూడిల్స్ గిన్నె ముందు పెట్టింది, అతను ముట్టుకోలేదు. ఇన్నేళ్లుగా విన్న హోరు కాబట్టి చూడకుండానే అన్నీ తెలుస్తున్నాయి. ఇది కార్నరు, ఇది గోల్‌కి దగ్గరగా పోయింది, ఇది రిఫరీని తిడుతున్నారు. రెండో సగం కూడా గోల్ లేకుండా గడుస్తున్నా, ఎప్పుడేమవుతుందోనని అతనికి ఏడుపొచ్చింది. వచ్చే ఏడు ఈ హోరు ఉండదేమో, ఈ వీధిలో ఆదివారం కూడా మిగతా రోజుల్లాగే ఉంటుందేమో అనుకున్నాడు. తన కాలు నిజంగానే చెడ్డదైతే, అది తనకొక్కడికే చెడ్డదై ఊరుకుంటే బాగుండునని కోరుకున్నాడు.

"ఇంకెంతోసేపు లేదులే, తినరాదూ," అంది దియెప్ అక్క.

అప్పుడు స్టేడియం ఒక్కసారిగా మూగబోయింది. అంతమంది జనం ఒకేసారి నోరు మూసుకోవడం ఖోయ్ ఫైనలు రోజు తర్వాత మళ్లీ వినలేదు. కాసేపటికి బయటికొచ్చినవాళ్లు చెప్పారు. లాంగ్‌ఖే డిఫెండరు బంతిని వెనక్కి తన గోల్‌కీపరుకి అందించబోయాడు. అది గుంటలో పడి కదలకుండా నిలిచిపోయింది. అవతలి జట్టు కుర్రాడు తాపీగా వచ్చి దాన్ని గోల్‌లోకి తన్నాడు.

ఎవరైనా వచ్చి కాలరు పట్టుకుని తిట్టి ఉంటే ఖోయ్‌కి సుఖంగా ఉండేది. ఎవరూ తిట్టలేదు. మర్నాడు పొద్దున రొట్టె కొందామని వెళ్తే, కొట్లో అమ్మాయి చాలా మర్యాదగా, "బాబాయ్, ఏమనుకోకు, నాకు బోణీ అయ్యాక ఇస్తాను," అంది. అతను పక్కకు తప్పుకుని, వేరే ఎవరో వచ్చి కొనేదాకా నిలబడ్డాడు. రొట్టె తీసుకుని ఇంటికి వెళ్లకుండా ఉద్యోగం మానేస్తానని చెప్పడానికి నేరుగా లాప్ ఆఫీసుకి వెళ్లాడు.

లాప్ చొక్కా గుండీలు విప్పుకుని, టీ చల్లారబెట్టుకుని కూర్చున్నాడు. ఖోయ్ తప్పంతా తనదేనని, పిల్లి దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పబోయాడు.

"పిల్లి సంగతి వదిలెయ్యవయ్యా," అన్నాడు లాప్. "సైగాన్‌వాళ్లు పొద్దున్నే ఫోను చేశారు. బేరం రద్దు."

"ఏం బేరం సార్?"

దాచుకోవడానికి ఇంకేమీ మిగలని మనిషిలా లాప్ అంతా చెప్పేశాడు. సైగాన్‌లో ఇళ్లు కట్టి అమ్మే కంపెనీ ఒకటి పై డివిజనులో లాంగ్‌ఖేకి ఉన్న చోటును కొనుక్కుంటానంది. ఆటగాళ్లతో సహా జట్టును అక్కడికి తీసుకెళ్లి, పేరు మార్చి, వచ్చే సీజను నుంచి అక్కడే ఆడిస్తారు. ఈ సోమవారమే సంతకాలు కావాల్సింది. కాకపోతే చోటు పై డివిజనులో ఉంటేనే కొంటామన్నారు.

"రెండో డివిజను జట్టును ఎవడు కొంటాడు చెప్పు. పోనీ మూసేద్దామా అంటే, ఈ జిల్లాలో ఇంకెవడైనా నా సిమెంటు ముట్టుకుంటాడా? అమ్మేసి పోయుంటే డబ్బన్నా మిగిలేది. ఇప్పుడు నడిపి చావాలి."

ఖోయ్‌కి నవ్వు ముంచుకొచ్చింది. నవ్వితే ఉద్యోగం పోతుంది, అది పోగొట్టుకోవడానికే వచ్చానన్న సంగతి అప్పటికే మరిచిపోయాడు. చాలా బాధగా ఉంది సార్ అని చెప్పి, మెట్లు దిగి, దారిలో ఎక్కడా ఆగకుండా నూడిల్స్ బండి దగ్గరికొచ్చి పడ్డాడు. దియెప్ అక్క మొత్తం విని, గరిటె పక్కన పెట్టింది.

"మనం గెలిచుంటే జట్టు పోయేదన్నమాట."

"డ్రా చేసినా పోయేదక్కా."

ఆవిడ మళ్లీ గరిటె అందుకుంది. ఖోయ్ మొదటిసారిగా నిన్నటి గిన్నె గుర్తుచేసుకుని ఆకలంటే, నిండుగా వడ్డించి పెట్టింది. సాయంత్రానికల్లా కబురు చేపల బజారు దాటి పడవల దాకా పాకింది. జనం సంతోషించాలో సిగ్గుపడాలో తేల్చుకోలేక, ఎందుకైనా మంచిదని రెండూ చేశారు.

ఈ ఏడు లాంగ్‌ఖే రెండో డివిజనులో ఆడుతోంది. కింది డివిజను కాబట్టి అవతలి జట్లు చిన్నవి, మనవాళ్లు పెద్ద జట్లతో దెబ్బలు తిని రాటుదేలినవాళ్లు. చరిత్రలో ఎన్నడూ లేనట్టు వరసపెట్టి గెలుస్తున్నారు. పట్టికలో ఇప్పుడు మొదటి చోటు లాంగ్‌ఖేదే, సీజను ఆఖరుదాకా ఇలాగే ఉంటే మళ్లీ పై డివిజనుకి వెళ్తుంది. లాప్ మళ్లీ ప్రాక్టీసు దగ్గర కుర్చీ వేయించుకున్నాడు.

ఊళ్లో ఎవరికీ కంటినిండా నిద్ర లేదు.