ఎడమ స్పీకరు మీద నా అభియోగం

ఇంట్లో కూర్చుని పాటలు మిక్స్ చేసేవాడికి క్యాలిబ్రేషన్‌ను మించిన వరం మరొకటి లేదు. రెండేళ్ల అనుభవంతో చెబుతున్నాను. ఈ రెండేళ్లలో ఎన్ని పాటలు పూర్తి చేశావని మాత్రం అడక్కండి. అది వేరే సంగతి.

తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. పాటలో గొంతు ఎంత ఉండాలి, డప్పు ఎంత ఉండాలి అని చూసి కలపడమే మిక్సింగు. అందుకు ఉన్నది ఉన్నట్టు వినిపించే స్పీకర్లు కావాలి. వాటినే స్టూడియో మానిటర్లంటారు. అవి నిజమే చెబుతాయి కానీ, వాటిని పెట్టిన గది అబద్ధాలాడుతుంది. ఒక మూల బేసును, అంటే బరువైన శబ్దాలను, ఉబ్బిస్తుంది, ఒక గోడ సన్నటి శబ్దాలను మింగేస్తుంది. అందుకని ఒక కొలత మైకు పెట్టి, స్పీకర్లలోంచి కూతలాంటి శబ్దాన్ని అట్టడుగు స్వరం నుంచి పైస్వరం దాకా పంపి, కంప్యూటరు గీసే గీత తిన్నగా వచ్చేవరకూ గదినీ, స్పీకర్లనూ, హెడ్‌ఫోన్లనూ సరిచేసుకోవాలి. అదే క్యాలిబ్రేషన్.

గీత తిన్నగా రానంతవరకూ పాటను ముట్టకూడదు. గీత తిన్నగా రాదు. ఇంతకన్నా సుఖం ఎక్కడుంది చెప్పండి!

పాట పూర్తి చేశారనుకోండి, ఎవరో ఒకరు వింటారు. విన్నవాడు ఊరుకుంటాడా? ఏదో ఒక వంక పెడతాడు. స్పీకర్లు సరిచేసుకుంటున్న మనిషికి ఎవడైనా వంక పెట్టగలడా? మా ఆఫీసులో హరిబాబు గారు, పాట ఎందాకా వచ్చిందని అడిగినప్పుడల్లా, లో ఎండ్‌లో చిన్న ఇబ్బంది ఉందండీ అంటాను. ఆయన తలాడించి ఫైళ్లలోకి వెళ్లిపోతారు. లో ఎండ్ అంటే ఆ బేసేనని ఆయనకు తెలియదు, ఏమిటని ఇంతవరకూ అడగలేదు. నేను రహస్యంగా ఆయనకు రుణపడి ఉన్నాను.

కుటుంబానికి జరిగే మేలు కూడా తక్కువదేం కాదు. మాది నౌపడ దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. గది మూలల్లో బేసు పోగుపడకుండా పట్నంలో ఖరీదైన దిమ్మలు పెడతారట. నేను కోతలవగానే ధాన్యం బస్తాలను నాలుగు మూలలా దూలం దాకా పేర్పించాను. ఏం చెప్పను! గీత తాడు లాగి కట్టినట్టు వచ్చింది. ఆ మర్నాడే నా భార్య అనూరాధ రెండు బస్తాల ధాన్యం ఆడించడానికి పంపేసింది. గీతలో గుంట పడింది. వచ్చే పంటదాకా బస్తాల జోలికి వెళ్లొద్దని శాస్త్రీయంగా నచ్చజెప్పాను.

"బియ్యం తింటారా, బేసు తింటారా?" అని అడిగింది అనూరాధ.

అప్పట్నుంచీ మా ఇంట్లో బియ్యం నిండుకున్నప్పుడల్లా నా లో ఎండ్ మారిపోతోంది. కొలత తీసేటప్పుడు ఫ్యాను తిరగకూడదు, కుక్కరు కూయకూడదు, ఎవరూ దగ్గకూడదు. నిండు మే నెలలో మిట్టమధ్యాహ్నం ఇల్లంతా ఊపిరి బిగబట్టి చెమటలు కక్కుతూ కూర్చునే క్రమశిక్షణ ఏ బడిలో నేర్పుతారు? మా అత్తగారు వారం రోజులు ఉందామని వచ్చి, రెండో కొలత అయ్యాక బస్సెక్కేశారు.

ఇంతకీ ఆ పాట ఎవరిదో చెప్పలేదు కదూ. అది గున్నమ్మది. భావనపాడు నుంచి చేపల తట్టతో మా వీధికి వస్తుంది. ఆవిడ భర్త గంగరాజు బతికున్న రోజుల్లో, ఒడ్డున పెద్ద వల లాగేటప్పుడు పాట ఎత్తుకునేవాడు, మిగతావాళ్లు అందుకునేవారు. ఆయన పోయాక ఆ పాట మొదలు నుంచి చివరిదాకా తెలిసింది ఒక్క గున్నమ్మకే. వల లాగేచోట ఆవిడే పాడేది. కొడుకు లక్ష్ముడు కొత్త పడవ కట్టించుకోవాలని చూస్తున్నాడనీ, అది మొదటిసారి నీళ్లలో దిగేరోజున వాళ్ల నాన్న పాట మోగాలనీ ఆవిడ కోరిక. రెండేళ్ల కిందట మా వసారాలో కూర్చోబెట్టి రికార్డు చేశాను. పడవ కన్నా ముందే పాట తయారవుతుందని మాటిచ్చాను.

మొదట్లో వచ్చినప్పుడల్లా పాట అయిందా అని అడిగేది. తరవాత తరవాత అడగడం మానేసింది. కళాకారుడిని తొందరపెట్టకూడదని ఆవిడకు తెలిసిందని నేను చాలా సంతోషించాను.

పాటకు అడ్డొచ్చిందల్లా ఎడమవైపు. కుడి స్పీకరులో గున్నమ్మ గాజుల చప్పుడుతో సహా వినిపిస్తుంది. ఎడమ స్పీకరులో గాజులే ఉండవు, గొంతు దుప్పటి కప్పుకున్నట్టుంటుంది. కొలత మైకు మాత్రం రెండువైపులా సమానమే అంది. అంటే మైకు చెడిపోయిందన్నమాట! ఆ మైకును పరీక్షించడానికి ఇంకో మైకు కొన్నాను. అదీ మొదటిదానితో కుమ్మక్కైంది. ఎడమ స్పీకరు మార్చాను, వైరు మార్చాను. మూడు జతల హెడ్‌ఫోన్లు తెప్పించాను. మూడింటికీ ఎడమవైపే జబ్బు! ఎడమ చెవి గూడు బిగించేచోట పనివాళ్లు నిద్రపోతున్నారని కంపెనీకి ఉత్తరం కూడా రాశాను.

ఎడమవైపు నుంచి పిలిస్తే నేను పలకడం లేదని ఆ మధ్య అనూరాధ అంది. ఎడమ గోడ శబ్దాలను మింగేస్తోందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆ వారమే గోడకు బొంత వేలాడదీశాను.

ఈ జూన్‌లో సముద్రంలో చేపల వేట మీద నిషేధం ముగిసింది. లక్ష్ముడి పడవ తయారైంది. నీళ్లలో దించడానికి ముందురోజు పొద్దున్న గున్నమ్మ వచ్చి, తట్ట దించి, గుమ్మంలో నిలబడి, అయినంతవరకూ వినిపించమని అడిగింది. ఎడమవైపు కొంచెం తేడా ఉందని నసుగుతూనే హెడ్‌ఫోన్లు చేతికిచ్చాను. ఆవిడ వాటిని తారుమారుగా పెట్టుకుంది. ఎడమదాని మీద ఎల్ అని, కుడిదాని మీద ఆర్ అని రాసి ఉంటుందని నేను విద్వత్తు ఒలకబోశాను. ఆవిడ తీసి, తిప్పి పెట్టుకుని, మళ్లీ తిప్పి పెట్టుకుంది.

"ఎటు పెట్టినా ఒక్కలాగే ఉన్నాది కదా బాబూ" అంది.

అలా ఎలా ఉంటుందో చూపిద్దామని లాక్కుని నా తలకు తగిలించుకున్నాను. తొందరలో అవి ఆవిడ ఇచ్చిన తీరునే, అంటే తారుమారుగానే ఉన్నాయి. దుప్పటి కప్పుకున్న గొంతు ఇప్పుడు కుడివైపుకు రావాలి కదా? రాలేదు. ఎడమవైపే ఉంది. తిప్పి పెట్టుకున్నాను. ఎడమవైపే. రెండేళ్లలో స్పీకర్లు మార్చాను, గోడ మార్చాను, అన్నం మానిపించబోయాను. హెడ్‌ఫోన్లు తిప్పి పెట్టుకోవడం మాత్రం తోచలేదు. ఎల్ అని రాసినదాన్ని చదువుకున్నవాడెవడైనా కుడి చెవికి పెట్టుకుంటాడా?

"జబ్బు నా చెవిదే గున్నమ్మా" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. ఆవిడ నవ్వలేదు.

"ఆ మాట అప్పుడే సెప్పొద్దా బాబూ. నా గొంతు బాగోలేదు కాబోలు, మొగం మీద సెప్పనేక తిప్పుతన్నాడు అనుకున్నాను. వల కాడ పాడ్డం మానేసి ఏడాదైపోనాది."

క్యాలిబ్రేషన్ వల్ల కలిగే లాభాల జాబితాలో దీన్ని ఎక్కడ రాయాలో నాకు తెలియలేదు. నాకు సిగ్గేసింది. ఆరోజే లక్ష్ముడిని రప్పించి, వసారాలో రికార్డు చేసింది చేసినట్టుగా అతని ఫోనులోకి ఎక్కించాను. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

మర్నాడు భావనపాడు ఒడ్డున పడవకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఫోనును ఒక చిన్న స్పీకరుకు తగిలించి పాట వేశారు. ముసలివాళ్లు గంగరాజు పేరు తలుచుకుని, మరిచిపోయిన చరణాలు అందుకున్నారు. గున్నమ్మ పాడలేదు. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కదలకుండా నిలబడి మొత్తం వింది.

అయ్యాక నాకేసి తిరిగింది.

"ఇంత బాగా పాడేదాన్నేటి?"

ఆవిడ నాకు కుడివైపున నిలబడి ఉంది. వినబడలేదని చెప్పుకోవడానికి కూడా వీల్లేకపోయింది.