మంత్రిగారి కోసం దాచిన మురికి

జహనుమా బస్తీలో మూడు గల్లీలకు కనిపించేంత ఫ్లెక్సీ కట్టించి, వార్డు నాయకుడు వైకుంఠంగారు ఒక చారిత్రక ప్రకటన చేశారు. ప్రజల అసలు శత్రువు ఏసీ కాయిల్‌లో దాక్కుని ఉందనీ, ఇంటింటికీ వెళ్లి దాన్ని ఉచితంగా కడిగించేదాకా తాను నిద్రపోననీ దాని సారాంశం. పథకం పేరు ‘చల్లని వార్డు’. సోమవారం మంత్రిగారు స్వయంగా వచ్చి మొదటి కాయిల్ కడుగుతారు.

కాయిల్ అంటే ఏమిటో వైకుంఠంగారికి ఆ ఉదయమే డానియేలు చెప్పాడు. డానియేలు ఆ బస్తీలో పన్నెండేళ్లుగా ఏసీలు బాగుచేస్తున్నాడు. మూత తీస్తే ముందు దుమ్ము ఆపే జాలీ, దాని వెనక సన్నటి రేకుల వరుస. ఆ రేకుల మధ్య దుమ్ము పేరుకుంటే గాలి ఆడదు, గది చల్లబడదు. అర నిమిషంలో విన్న ఈ ముక్కను వైకుంఠంగారు మైకులో నలభై నిమిషాలు చెప్పారు. నాయకుడికీ మెకానిక్కుకీ తేడా అక్కడే తెలిసిపోతుంది.

మొదటి ఏసీని వెతికే బాధ్యత కూడా డానియేలు మీదే పడింది. శనివారం ఇద్దరూ కలిసి పదకొండు ఇళ్లు తిరిగారు. మూత తీసిన ప్రతిచోటా వైకుంఠంగారు తొంగి చూసి పెదవి విరిచారు. మురికి ఉంది గానీ, మంత్రి స్థాయి మురికి కాదు.

పన్నెండో ఇల్లు నాగమణమ్మది. ఆ గల్లీలో రోడ్డు వేయిస్తానని వైకుంఠంగారే రెండేళ్ల కింద తవ్వించి వదిలేశారు కాబట్టి, కాయిల్ గొంగడి కప్పుకున్నట్టుంది. ఆయన ముఖం వెలిగిపోయింది.

“మురికంటే గిదీ. ఫోటోల మస్తు కనవడ్తది.”

నాగమణమ్మ భర్త కైలాసం బస్సు డిపోలో పనిచేసి రిటైరైన మనిషి. ఊపిరి జబ్బుతో ఆసుపత్రిలో ఉండి, ఇంటికొచ్చి రెండు రోజులైంది. చల్లని గదిలోనే ఉంచాలని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. ఏసీ మాత్రం గోరువెచ్చటి గాలి విసురుతోంది. ఎలాగూ వచ్చావు, ఇప్పుడే కడిగిపెట్టమని ఆమె డానియేలును అడిగింది. వైకుంఠంగారు అడ్డుపడ్డారు. మంత్రిగారు వచ్చేదాకా ఆ మురికి మీద ఎవరి చెయ్యీ పడకూడదని ఏసీకి ఎర్ర రిబ్బను కట్టించి, కాపలాకు ఒక కార్యకర్తను కూర్చోబెట్టి వెళ్లారు.

సోమవారం మంత్రిగారికి వీలు కాలేదు. బుధవారమన్నారు, ఆ తర్వాత శుక్రవారమన్నారు. ఎండ నలభై మూడు దాటింది. కైలాసం తడి తువ్వాలు ఛాతీ మీద వేసుకుని, మాటమాటకీ ఆగి ఊపిరి పీల్చుకుంటున్నాడు. గురువారం చూడటానికి వచ్చిన డానియేలును దగ్గరకు పిలిచాడు.

“మంత్రి వచ్చేటిది... నా ఏసీకా, నా దినాలకారా?”

మధ్యాహ్నం కార్యకర్త బిర్యానీకి పోయిన వేళ చూసి డానియేలు రిబ్బను విప్పాడు. మెయిన్ ఆపి, జాలీ తీసి, రేకులు వంగకుండా పైనుంచి కిందికి మెత్తటి బ్రష్షుతో దువ్వాడు. నురగ స్ప్రే కొట్టి, అడుగున ప్లాస్టిక్ సంచి కట్టి, నీళ్ల పంపుతో కడిగాడు. నల్లటి నీళ్లు బకెట్టున్నర వచ్చాయి. మళ్లీ వేసిన పావుగంటకు గది చల్లబడింది. కైలాసం ఇల్లు చేరాక మొదటిసారి కంటినిండా నిద్రపోయాడు. నాగమణమ్మ రిబ్బను మళ్లీ కట్టేసింది.

శుక్రవారం పొద్దున మూత ఎత్తిన వైకుంఠంగారు దొంగలు పడ్డ ఇంటి యజమానిలా నిలబడిపోయారు.

“ఎవల్నడిగి కడిగినవ్ డానియేలూ? అది సర్కారు మురికి.”

“పెద్దబాపుకు ఊపిరి ఆడ్తలేకుండె అన్నా.”

“ఇప్పుడు నాకు ఆడ్తుందా?”

అయితే గొప్ప నాయకులు కష్టాలకు కుంగిపోరు. పక్కింటి ఏసీలోంచి మురికి జాలీ తెప్పించి ఇక్కడ తగిలించారు. పదింటికి రావాల్సిన మంత్రిగారు ఒంటిగంటకు వచ్చారు. రిబ్బను కత్తిరించి, జాలీని రెండు వేళ్లతో పట్టుకుని కెమెరాలకు చూపించారు. తర్వాత బ్రష్షును తిరగేసి పట్టుకుని కాయిల్ మీద మూడుసార్లు ఆడించి, తన చెయ్యి తగలగానే ఎలా మెరిసిందో చూడమన్నారు. అందరూ చూశారు. చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఏసీ వేశారు. చల్లగాలి మెడకు తగలగానే మంత్రిగారు కదలకుండా నిలబడి, కండువా తీసి పక్కన పెట్టి, మంచం మీద కూర్చున్నారు. ఆయన అయిదు నిమిషాల విశ్రాంతి కోసం కైలాసాన్ని కుర్చీలో కూర్చోబెట్టి బయటి అరుగు మీదికి మోశారు. అయిదు నిమిషాలు సమీక్షా సమావేశమైంది. ఈ పథకానికి ఇంతకన్నా అనువైన కార్యాలయం దొరకదని మంత్రిగారు అభిప్రాయపడ్డారు. వార్డులో ఆఖరి కాయిల్ కడిగేదాకా పని ఈ గదిలోంచే నడుస్తుందని సాయంత్రానికి వైకుంఠంగారు ప్రకటించారు. టేబులొచ్చింది, కుర్చీలొచ్చాయి, జెండా వచ్చింది. రెండో ఇంటికి ఎప్పుడు పోవాలని డానియేలు అడిగితే, ముందు కమిటీ వెయ్యాలన్నారు.

అరుగు మీద ఏసీ బయటి పెట్టె ఉంది. దాని వేడిగాలి నేరుగా కైలాసం మొహానికి కొడుతోంది. వైకుంఠంగారు ఫోను పట్టుకుని ఆయన ముందు వంగారు.

“చల్లగుందని ఒక్క మాట చెప్పు బాపూ.”

కైలాసం దగ్గాడు. ఆగకుండా దగ్గాడు.

“దగ్గు కట్ చేపిస్తం, ఫికర్ చెయ్యకు.”

ఆ దగ్గు ఆగేదాకా భర్త వీపు రాసి, నాగమణమ్మ డానియేలును గోడ పక్కకు పిలిచింది.

“మల్ల మురికి పట్టాల్నంటే ఎన్ని దినాలు పడ్తదిరా?”

డానియేలు తల గోక్కున్నాడు. కిటికీలు మూసి ఉంటే ఏడాదైనా పట్టొచ్చు. తెరిచిపెట్టి, రోజూ నీళ్లు చల్లకుండా ఊడిస్తే మాత్రం ఈ గల్లీలో నెల కూడా పట్టదని చెప్పాడు.

నాగమణమ్మ కొంగు నడుముకు దోపింది. మంత్రిగారి ఆఫీసు గలీజుగా ఉంటే బాగుండదని గుమ్మం దగ్గరి కార్యకర్తకు వినయంగా చెప్పి, చీపురు పట్టుకుని లోపలికి పోయింది. ముందు కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది.