అడవంతా జేగురు

ఒక పెద్ద అడవిలో, చెట్లకన్నా సంఘాలే ఎక్కువున్న అడవిలో, గాండ్రయ్య అనే పెద్దపులి అధ్యక్షుడిగా ఉండేవాడు. కుర్చీ ఆయన మాట వినేది గానీ కాళ్ళు మాత్రం ఈమధ్య వినడం మానేశాయి.

ఆ అడవికో ఆనవాయితీ ఉంది. ఏటా వానలకు ముందు జరిగే వార్షికోత్సవంలో అధ్యక్షుడు తన సొంత వేటతో మాంసం తినే సభ్యులకు విందు పెట్టాలి. పెట్టలేకపోతే కుర్చీ దిగి ఇంకో పులికి దారివ్వాలి. వాగు అవతల ఒక కుర్రపులి ఇప్పటికే మూతి నాక్కుంటూ కూర్చుంది.

గాండ్రయ్యకి అదే బెంగ. చుక్కల దుప్పి ఎండనీడల్లో నిలబడిందంటే ఏది దుప్పో, ఏది ఆకుల సందున పడ్డ ఎండో ఆయన ముసలి కళ్ళకి తెలిసి చావదు. నిన్నగాక మొన్న ఎండ మీదకి దూకి మూతి పగలగొట్టుకున్నాడు.

"ఆ చుక్కలు చెరిపేస్తే తప్ప నాకు పూట గడవదురా," అన్నాడు కార్యదర్శి నక్క జంబయ్యతో.

"చెరిపేస్తామంటే తిరగబడతారు అయ్యగారూ. ఫ్యాషన్ అని చెప్పామనుకోండి, వాళ్ళే వచ్చి లైన్లో నిలబడతారు. మనకో డిజైనరున్నాడు," అన్నాడు జంబయ్య.

డిజైనరంటే పింఛేశ్వర్ అనే నెమలి. పట్నంలో ఒక చీరల కొట్టు వెనక పెరట్లో కొన్నాళ్ళు గింజలేరుకుని తిరిగొచ్చాడు. అప్పట్నుంచి ఎవరు ఎదురైనా ముందు ఎగాదిగా చూసి, "అయ్యో" అని, ఆ తర్వాతే "బాగున్నారా" అంటాడు.

అతను అందర్నీ కొండమీది గుహకి తీసుకెళ్ళాడు. ఆ గోడల మీద ఏనాటి మనుషులో గీసిన బొమ్మలున్నాయి. పాపం వాళ్ళకి దొరికింది జేగురు మన్ను ఒక్కటే. దుప్పినీ దాంతోనే గీశారు, దున్ననీ దాంతోనే గీశారు, పులినీ దాంతోనే గీశారు.

"ఇదీ మన చరిత్ర," అన్నాడు పింఛేశ్వర్ గొంతు తగ్గించి. "మన పూర్వీకులంతా నిండు ఎరుపు. ఈ చుక్కలూ చారలూ తర్వాతెవరో అంటగట్టిన చవకబారు ప్రింట్లు. ఈ సీజన్లో మనం మూలాలకి వెళ్తున్నాం."

అడవిదున్న గౌరత్త ఒక బొమ్మ దగ్గర ఆగింది. "నాయనా, ఈ దున్న వీపు నిండా ఈ పుల్లలేంటి?"

"పిన్నులత్తా. అప్పటి పెద్దింటివాళ్ళు పెట్టుకునేవి."

"మరి నాలుగు కాళ్ళూ పైకెత్తి పడుందేం?"

"పోజు."

"చుట్టూ ఈ రెండుకాళ్ళ వాళ్ళెవరు? వాళ్ళ చేతుల్లో కూడా పిన్నులున్నాయే."

"ముస్తాబు చేసేవాళ్ళు. అప్పట్లో ఒక్కొక్కరికి అంతమంది ఉండేవారు."

గౌరత్త కళ్ళు చెమ్మగిల్లాయి. "మా వంశం ఎంత బతుకు బతికింది," అని మురిసిపోయింది. ఆ బొమ్మ చూసిన గాండ్రయ్యకి మాత్రం పక్కటెముకల్లో ఏదో గుచ్చుకున్నట్టయింది. కానీ దుప్పులన్నీ తమ చుక్కలు చూసుకుని సిగ్గుపడుతున్నాయి. అది చూసి ఆయన నోరు మూసుకున్నాడు. నోట్లో నీళ్ళూరుతుంటే మూసుకోక తప్పదు కూడా.

అందరూ జేగురు పూసుకోవాలని సభలో తీర్మానం పెట్టారు. దుప్పుల పెద్ద మచ్చలమ్మ లేచి నిలబడింది.

"అందరూ అంటే అధ్యక్షులవారు కూడానా?"

గాండ్రయ్య గతుక్కుమన్నాడు.

"మాకేం తెలుసండీ, పెద్దల్ని చూసి నేర్చుకునేవాళ్ళం. ముందు మీరు పూసుకోండి, మీ వెనకే మేం," అంది మచ్చలమ్మ వినయంగా.

కప్పల దగ్గర్నుంచి కోతుల దాకా చప్పట్లు కొట్టాయి. చప్పట్లు మొదలయ్యాక కాదన్న అధ్యక్షుడు ఇంతవరకూ ఏ అడవిలోనూ పుట్టలేదు.

"ఒక్క పూట ఓర్చుకోండి. ఆనక వాగులో కడిగేసుకుందురు గాని," అని చెవిలో ఊదాడు జంబయ్య.

చిక్కేమిటంటే పింఛేశ్వర్ నిజంగానే పనిమంతుడు. జేగురులో కరక్కాయ రసం పోసి, పనస జిగురు కలిపి, ఈతపుల్ల కుంచెతో తోక చివరిదాకా వదలకుండా పట్టించాడు. గాండ్రయ్య వాగులో బండకేసి ఎంత రుద్దుకున్నా చారలు బయటపడలేదు.

"గ్యారంటీ రంగు సార్. తోలు ఊడాలే గానీ రంగు ఊడదు," అన్నాడు పింఛేశ్వర్ గర్వంగా.

చూస్తుండగానే అడవంతా జేగురైంది. దుప్పులు, పందులు, తోడేళ్ళు, ఆఖరికి జంబయ్య కూడా పూసుకున్నాడు. పింఛేశ్వర్ ఒక్కడే పూసుకోలేదు. అదేమని అడిగితే, "నేను పుట్టుకతోనే హెరిటేజ్," అన్నాడు.

ఇక గాండ్రయ్య పాట్లు చూడాలి. పచ్చగడ్డిలో నక్కితే పచ్చిమిర్చి బుట్టలో పండుమిర్చిలా కనిపిస్తున్నాడు. మచ్చలమ్మ మైదానం అవతలి నుంచే, "రంగు భలే నప్పిందండీ మీకు," అని మందతో సహా మాయమయ్యేది. దుప్పులు ఇప్పుడు ఆయనకి చక్కగా కనిపిస్తున్నాయి, పారిపోతూ.

ఒకరోజు పొదలో ఎర్రటి పిర్ర ఒకటి కనిపించింది. ఆయన ఉన్న బలమంతా కూడదీసుకుని దూకాడు. తీరా చూస్తే అది జంబయ్య. పాపం, కార్యదర్శి ఆ తర్వాత చాలా రోజులు నిలబడే ఫైళ్ళు చూశాడు.

వార్షికోత్సవం రానే వచ్చింది. తోడేళ్ళు, నక్కలు విస్తళ్ళ ముందు కూర్చున్నాయి. కుర్రపులి కూడా జేగురు పూసుకుని మొదటి వరసలో కుర్చీ కొలతలు చూసుకుంటోంది. వేదిక మీద ఖాళీ కడుపుతో నిలబడ్డ గాండ్రయ్య జనం వైపు చూశాడు. అంతా ఎరుపే. ఏది దుప్పో, ఏది తోడేలో, ఏది సొంత చెల్లెలి కొడుకో తెలియలేదు. ఇన్నేళ్ళ పెద్దరికం ఇవాళ్టితో సరి అనుకునేసరికి ఆయనకి ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే పింఛేశ్వర్ పురి విప్పుకుంటూ, ముళ్ళపంది ముళ్ళ కట్ట ఒకటి పట్టుకుని వేదికెక్కాడు.

"కదలకండి సార్. రెండో సీజన్ పిన్నులు. మొదటిది మీ వీపు మీదే," అంటూ దగ్గరికొచ్చి వంగాడు.

ఆ ఎరుపు సముద్రంలో నీలంగా, పచ్చగా, తళతళలాడుతూ, పైగా పంజాకి అందేంత దూరంలో ఒకటి కనిపించింది. గాండ్రయ్య దూకాల్సిన అవసరం కూడా లేకపోయింది.

"నెమలి వేట కిందకి వస్తుందా?" అని అభ్యంతరం లేవదీసింది కుర్రపులి.

"వస్తుంది," అన్నాడు జంబయ్య ఒక కాలు నములుతూ. ఆ విధంగా గాండ్రయ్య కుర్చీ ఇంకో ఏడాది నిలబడింది.

మచ్చలమ్మ మాత్రం గాలికి ఎగిరొచ్చిన ఒక పింఛం ఏరుకుని, చెవి వెనక పెట్టుకుని, నీళ్ళలో చూసుకుంది. మర్నాటికి మందంతా పింఛాల కోసం కొట్టుకుంటోంది.

నీతి: ఊరందరికీ ఒకే రంగు నిర్ణయించేవాడు, తనకీ ఒక జత ముందే కుట్టించి పెట్టుకోవడం ఆరోగ్యానికి మంచిది.