గుయ్‌మనే పెట్టె

...అయినా మంచిపని చేసేటప్పుడు ఎవరూ చూడకపోవడమే నయం, చూస్తే ఎందుకు చేస్తున్నావని అడుగుతారు, అడిగితే చెప్పాలి, చెప్పడం మొదలుపెట్టాక అది మంచిపనిగా మిగలదు, అనుకుంటూ రేడియో మెకానిక్ ఆంప్లిఫయర్ వెనక చెక్కకు చివరి స్క్రూ బిగించాడు. ఆదివారం, ఉదయం ఏడు గంటలు. ఆయన పథకం చిన్నది: కూతురు లేచేలోగా ఆమె పెట్టెను బాగుచెయ్యాలి, ఏమీ ఎరగనట్టు వెళ్ళి పడుకోవాలి, పదకొండింటికి లేవాలి.

నాలుగు నెలల కిందట కూతురి పంక్ బ్యాండు వసారాలో సాధన చేస్తుంటే ఆయన, "ఇది పాటా, పోట్లాటా?" అన్నాడు. నిజానికి తెలుసుకుందామనే అడిగాడు. అప్పటినుంచి ఆమె ఆయనతో "ఊఁ", "ఉహూఁ" తప్ప మాట్లాడలేదు. ఇవాళ పన్నెండింటికి టౌన్‌హాల్లో వాళ్ళ మొదటి ప్రదర్శన. పెట్టె కొన్ననాటినుంచీ గుయ్‌మంటూనే ఉంది. లోపల కండెన్సర్ పోయిందని, ముప్ఫై ఏళ్ళుగా అదే గుయ్ వింటున్నవాడికి మూత తియ్యకుండానే తెలుస్తుంది. క్షమించమని అడగడం ఆయనకు చేతకాదు. కండెన్సర్ మార్చడం చేతనవును.

వెళ్ళి మంచమ్మీద వాలాడో లేదో వసారాలోంచి కూతురి గొంతు వినిపించింది.

"అమ్మా, నా పెట్టె చచ్చిపోయింది."

లేచి వెళ్ళాడు. కూతురు, బేస్ గిటార్ వాయించే పొడుగమ్మాయి, అందరూ సుత్తి అని పిలిచే డ్రమ్ముల కుర్రాడు పెట్టె చుట్టూ మొహాలు వేలాడేసుకుని నిలబడి ఉన్నారు. ముగ్గురి కోట్లకూ ఎడమచెయ్యి లేదు. వాళ్ళు ఆరాధించే పాత బ్యాండుది ఒకే ఒక్క ఫొటో దొరికింది. అందులో నాయకుడి కోటుకు ఎడమచెయ్యి లేదు.

"చావలేదమ్మా, బాగుచేశాను. చూడు, ఎంత నిశ్శబ్దంగా ఉందో."

"గుయ్ ఏది నాన్నా?"

నాలుగు నెలల్లో ఆమె ఆయనతో అన్న మొదటి పూర్తి వాక్యం అది.

"తీసేశాను."

సుత్తి నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. "అంకుల్, మేం శ్రుతి చేసుకునేది దాంతోనే."

సంగతి మెల్లగా బయటపడింది. ఆ పాత బ్యాండుది మిగిలింది ఒక్క అరిగిన క్యాసెట్. మొదటినుంచి చివరిదాకా పాటల వెనక ఒక గుయ్ ఉంది. అదే వాళ్ళ కళ అని వీళ్ళు నమ్మారు. సరిగ్గా అలాగే మూలిగే పెట్టెకోసం ఊరంతా గాలించారు. తీగలన్నీ దానికే బిగించుకోవడం నేర్చుకున్నారు. శ్రుతి చూపించే మిషన్ ఉంటుంది కదా అని ఆయన అడిగితే, "వాళ్ళు వాడలేదు," అంది పొడుగమ్మాయి, ఇంకో మాటకు తావులేకుండా.

"పోనీ పాత కండెన్సరే మళ్ళీ పెడతాను. చెత్తబుట్టలో వేశాను."

"చెత్తబండి ఇప్పుడే వెళ్ళింది," అంది భార్య వంటగదిలోంచి. "ఈ ఇంట్లో ఒక్క పనైనా నాకు చెప్పి చేస్తారా?"

ఆయన చెప్పులైనా లేకుండా పరిగెత్తి మూడో వీధిలో బండిని అందుకున్నాడు. తమ చెత్తసంచి దొరికింది. బండి తలుపు కొక్కెం మాత్రం ఆయన చొక్కా ఎడమచెయ్యిని భుజందాకా ఊడబెరుక్కుని తనదగ్గరే ఉంచుకుంది. తెచ్చిన కండెన్సర్ బిగించి స్విచ్ వెయ్యగానే అది టప్పుమని పేలింది. వసారా నిండా పొగ. కొత్తదాన్నే మళ్ళీ పెట్టాల్సివచ్చింది. పెట్టె ఇప్పుడు మరీ శుభ్రంగా, ఏ పాపమూ ఎరగనట్టు కూర్చుంది.

అప్పుడాయనకు ఫ్రిజ్ గుర్తొచ్చింది. అదే కరెంటు, అదే గుయ్. ఇద్దరమ్మాయిలూ గిటార్లు పట్టుకుని ఫ్రిజ్‌కు చెవులానించి కూర్చున్నారు. సగం తీగలు బిగించేసరికి ఫ్రిజ్ చల్లబడి ఆగిపోయింది. మళ్ళీ మొదలవ్వాలంటే వేడెక్కాలి. తలుపు బార్లా తెరిచిపెట్టారు.

"పాలు విరుగుతాయి," అంది భార్య.

"మాట్లాడకమ్మా, శ్రుతి పోతుంది."

"రాత్రంతా నిద్రలో ఈయన గుయ్. పొద్దున్నే ఫ్రిజ్ గుయ్. నాకూ చెవులున్నాయని ఎవరికైనా గుర్తుందా?"

ఎవరికీ లేదు. అద్దె వ్యానులో బయల్దేరారు. దారిలో ఒక్కో గుంతకు ఒక్కో తీగ వదులైంది.

హాలు గుమ్మం దగ్గర కాపలావాడు బ్యాండువాళ్ళను మాత్రమే లోపలికి వదులుతున్నాడు. మెకానిక్ పెట్టె దించి వెనక్కి తిరిగాడు. వ్యానులోనైనా పడుకోవచ్చు. కాపలావాడు ఆయన నెరిసిన గడ్డాన్నీ, చొక్కాకు లేని ఎడమచెయ్యినీ చూశాడు. చుట్టూ ఇంకో నాలుగు బ్యాండ్లున్నాయి. ఒక్క కోటుకూ ఎడమచెయ్యి లేదు.

"మీరెక్కడికి సార్? మీ వాళ్ళు లోపలికెళ్ళారు. రండి."

వాదించే ఓపిక లేదు. నడిచాడు.

వేదికమీద పెట్టె పక్కన స్టూలు దొరికితే కూర్చున్నాడు. కూతురు తీగ మీటింది. గిటార్ ఒకటంటే బేస్ ఇంకొకటంది. ఆమె అలవాటుగా పెట్టెవైపు చెవి వంచింది. పెట్టె ఏమీ అనలేదు. ముందు వరసలో ఎవడో, "పడుకున్నారా?" అని అరిచాడు. ఆమె మెడ ఎర్రబడింది. ఆ మెడ ఆయనకు తెలుసు. చిన్నప్పుడు సైకిలు మీంచి పడి, ఏడవకూడదని పళ్ళు బిగించినప్పుడు అలాగే ఉండేది.

"నాన్నా, వెళ్ళిపోదాం," అంది చిన్నగా.

ముప్ఫై ఏళ్ళుగా పెట్టెల్లోంచి తాను తీసేసిన గుయ్‌లన్నీ ఎక్కడికి పోయాయి? ఈ ప్రశ్న ఆయన్ని ఇంతకుముందెప్పుడూ బాధించలేదు. ఎక్కడికీ పోలేదని ఇప్పుడు తెలిసింది. పెట్టె ముందున్న మైకుమీదికి వంగి, పెదాలు బిగించి, గుయ్‌మన్నాడు.

కూతురు తలెత్తి చూడలేదు. ఒక తీగ బిగించింది. తరవాత ఇంకోటి. పొడుగమ్మాయీ బిగించుకుంది. సుత్తి మొదటి దెబ్బ వేశాడు. ఆయన ఇక చాలనుకుని వెనక్కి జరిగాడు.

"ఆపకు నాన్నా. టేపులో చివరిదాకా ఉంటుంది."

ఆరు పాటలు, పధ్నాలుగు నిమిషాలు. ఊపిరికి తప్ప ఆగలేదు. ఆఖర్న చప్పట్లు కొడుతూ జనం బల్లలెక్కారు.

తిరిగొచ్చేటప్పుడు వ్యానులో ఆమె, "మూడో పాటలో కాస్త పైకి పోయావు," అంది.

"అది పాటేనా?"

"ఊఁ," అంది. ఈసారి ఊఁ వేరు.

మరుసటి ఆదివారం ఏడింటికే తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఇంకో బ్యాండు, వాళ్ళ వెనక ఒక బట్టతల మనిషి. ఆయన చొక్కా ఎడమచెయ్యి అప్పుడే కత్తెరతో కత్తిరించినట్టుంది.

"అంకుల్, మా నాన్న. ఈయనకీ గుయ్‌మనడం నేర్పాలి," అన్నాడు వాళ్ళలో ఒకడు.

మెకానిక్ వసారా బల్లమీద కూర్చుని, పక్కకి జరిగి, ఆయనకు చోటిచ్చాడు.

"మీకు నిద్రలో గుయ్‌మనే అలవాటుందా?"

"పడుకోనిస్తే కదండీ తెలిసేది," అన్నాడాయన.