పులి లేని సిలబస్

ఒక పెద్ద అడవిలో, చెట్లకన్నా యూనివర్సిటీలు ఎక్కువైపోయిన రోజుల్లో, వరహాలమ్మ అనే చుక్కల దుప్పికి కేతకి అని ఒక కూతురుండేది. ఆ పిల్ల చరిత్ర చదువుతానంది.

బంధువులంతా పరామర్శకు వచ్చారు.

"మార్కులు బాగానే వచ్చాయన్నారే," అంది మేనత్త దుప్పి, గొంతు తగ్గించి. "మరి చరిత్రెందుకు?"

"దానికి ఇష్టమట."

"ఇష్టమా," అని మేనత్త ఇంకాస్త జాలిపడింది.

వరహాలమ్మ భయం వేరు. చిన్నప్పుడు కేతకి "అమ్మమ్మ ఏదమ్మా" అని అడిగితే "తీర్థయాత్రకు వెళ్ళింది" అని చెప్పేసింది. నిజానికి అమ్మమ్మ నల్లబండ రేవులో నీళ్ళు తాగుతుంటే పులి ఎత్తుకుపోయింది. అప్పుడు వరహాలమ్మ పక్కనే ఉంది. మళ్ళీ ఆ దిక్కుకు వెళ్ళలేదు. ఇంట్లో పులి అన్న మాట పలకలేదు. పిల్ల బెదురు లేకుండా పెరగాలని ఆమె కోరిక.

ఇప్పుడు ఆ పిల్ల చరిత్ర అంటోంది. చరిత్ర అన్నాక ఎక్కడో ఒకచోట పులి తగలకుండా ఉంటుందా?

తల్లీకూతుళ్ళు ముందు కొండముచ్చుల యూనివర్సిటీ చూశారు. అక్కడి చరిత్రలో రాజులందరూ కొండముచ్చులే. నెమలికి పురి విప్పడం నేర్పింది కూడా ఒక కొండముచ్చేనట.

"దుప్పులేం చేశాయండీ?" అని కేతకి అడిగింది.

"చూశాయి," అన్నాడు ఆచార్యుడు.

అక్కణ్ణుంచి బోడికొండ మీద రాబందుల యూనివర్సిటీకి వెళ్ళారు. నీడ లేదు, నీరు లేదు. గుహ నిండా ఎముకలు, వరసగా, శుభ్రంగా. కేతకి కళ్ళు పెద్దవయ్యాయి. ముసలి రాబందు మేడమ్ మెడ సాచి, ప్రేమగానే పలకరించింది.

"ఎవరి తాలూకమ్మా మీరు?"

వరహాలమ్మ చూపు ఆ ఎముకల వరస మీద పడింది. "ఇక్కడి గాలి మాకు పడదండి," అని కూతుర్ని తోసుకుంటూ కొండ దిగిపోయింది.

"నాకు బాగానే పడిందమ్మా," అంది కేతకి.

"నడువు."

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో గోరింక కూర్చుని ఉంది. కొత్తగా పెట్టిన అమృతమడుగు యూనివర్సిటీకి పీఆర్వో. దానికి ఎవరింట్లో ఏ పిల్ల ఏం చదవబోతోందో ఆ పిల్లకన్నా ముందే తెలుస్తుంది.

"మేడమ్, మాది వాటర్ ఫ్రంట్ క్యాంపస్. పచ్చిక ఏడాది పొడుగునా ఉంటుంది. చరిత్ర శాఖలో ఇంకా కొన్ని సీట్లే మిగిలాయి."

"ఎన్ని నిండాయి?"

"నిండడం మొదలవుతుంది మేడమ్, మీ అమ్మాయితో."

వరహాలమ్మ కూతుర్ని లోపలికి పంపి, మెల్లగా అడిగింది. "మీ చరిత్రలో... అది ఉంటుందా?"

"పులా?" గోరింక రెక్క అడ్డం పెట్టుకుని చెప్పింది. "లేదు మేడమ్. పూర్తిగా తీసేశారు. పిల్లల మనసు నొచ్చుకోకూడదని మా కులపతిగారి పట్టుదల. స్థలం కూడా వారే ఇచ్చారు. పేరు చెప్పొద్దన్నారు, అంత నిరాడంబరులు."

పులి లేని చరిత్ర. వరహాలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ మాట పాకి, తల్లిదండ్రులందరూ అటే వరస కట్టారు. సీట్లు నిజంగానే నిండాయి.

చేరే రోజు వచ్చింది. కొత్త బాట వేశారు, మామిడాకు తోరణాలు కట్టారు. మడుగు తళతళలాడుతోంది. కుందేళ్ళు, కణుజులు, పందులు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చాయి.

"ఎంత ప్రశాంతంగా ఉంది చెల్లెమ్మా," అన్నాడు అడవిపంది భద్రయ్య. కొడుకు తల మీది దుమ్ము దులుపుతున్నాడు. "పిట్ట కూడా అరవడం లేదు."

గోరింక కొమ్మెక్కి ప్రకటించింది. "విద్యార్థులు మార్కుల వరసలో ఒక్కొక్కరే నీటి దాకా వెళ్ళి తీర్థం పుచ్చుకోవాలి. మొదట కుమారి కేతకి."

కేతకి మెడ ఎత్తుకుని నడిచింది. మొదటి ర్యాంకు కదా. నీటి అంచున ఒక నల్లటి బండ ఉంది. దానికి పూలదండ వేశారు.

వరహాలమ్మ ఆ బండను చూసింది.

తోక నిక్కబొడుచుకుంది. ముందుకాలు నేలకేసి కొట్టుకుంది. ఇన్నేళ్ళు దిగమింగుకున్న కూత గొంతు చీల్చుకుని బయటికొచ్చింది.

ఆ కూతకు పెద్దవాళ్ళందరూ పరుగు. కుందేళ్ళు పొదల్లోకి, కణుజులు గుట్టమీదికి. భద్రయ్య తోరణం తెంచుకుని, దాన్ని మెడలో వేసుకునే పోయాడు.

పిల్లలు మాత్రం నిలబడి చూస్తున్నారు.

"ఆంటీ ఎందుకలా అరిచారు?" అంది కుందేలు పిల్ల.

"మా నాన్న ఎక్కడికి పోయాడు?" అన్నాడు పందిపిల్ల.

ఎవరింట్లోనూ ఆ కూతకు అర్థం చెప్పలేదు మరి.

పెద్దవాళ్ళు నాలుగంగలు వేశాక వెనక్కి చూసుకున్నారు. మళ్ళీ పరుగెత్తుకొచ్చి, పిల్లల్ని చెవులు పట్టుకుని, వీపున తన్ని, ఎలా వీలైతే అలా లాక్కుపోయారు. వరహాలమ్మ కూతుర్ని కొమ్ముల్లేని తలతో కుమ్మి గుట్టెక్కించింది.

బండ వెనక రెల్లుదుబ్బు కదిలింది. కులపతిగారు బయటికొచ్చి, ఖాళీ మైదానం చూసి, నోరు మూసుకున్నారు.

"సభా మర్యాద తెలియని జనం," అన్నారు.

"సిలబస్ మాత్రం అందరికీ నచ్చింది సార్," అంది గోరింక, ఇంకో రెండు కొమ్మలు పైకెక్కి.

గుట్ట మీద ఆయాసం తీరాక కేతకి అడిగింది.

"అమ్మమ్మ తీర్థయాత్రకు వెళ్ళలేదు కదా?"

"లేదు."

"మరి?"

వరహాలమ్మ చెప్పింది. ఎక్కువ మాటలు పట్టలేదు. విన్నంతసేపూ కేతకి చెవులు కిందికి దిగలేదు.

"భయమేస్తోందా?"

"వేస్తోందమ్మా."

"అమ్మయ్య," అంది వరహాలమ్మ.

తెల్లారాక ఇద్దరూ బోడికొండ దారి పట్టారు. నీడ లేదని ఈసారి వరహాలమ్మ గొణగలేదు.

అమృతమడుగులో చరిత్ర శాఖ మూసేశారు. దాని స్థానంలో ఈత శాఖ తెరిచారు. సీట్లు మొదటి రోజే నిండాయట.

నీతి: పులి లేని చరిత్ర చదవడానికి హాయిగా ఉంటుంది, పులికైతే మరీ హాయి.